ఉచితం – ఉచితమేనా?

తెలుగులో 'ఉచితం' అనే మాటకి రెండు అర్థాలు ఉన్నాయి. బజారులో వినబడే అర్థం, డబ్బు కట్టక్కర్లేదని. పుస్తకాల్లో ఉన్న పాత అర్థం, తగినదని. ఔచిత్యం, సముచితం, ఉచితానుచితాలు అనే మాటల్లో ఇంకా ఆ పాత అర్థమే బతికి ఉంది. ఇంటి దగ్గర ఉండి చదువుకునే పిల్లల కోసం ఈనాడు ఫోన్లలో, టీవీల్లో పాఠాలు కోకొల్లలుగా ఉన్నాయి. అన్నీ ఉచితమే. మొదటి అర్థంలో అది నిజం. రెండో అర్థంలో అవి మన పిల్లలకి ఉచితమా, కాదా? ఈ ప్రశ్న మనం అడగకపోతే మన తరఫున ఇంకెవరూ అడగరు.

ముందు ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ ఉచిత పాఠాలు చిన్న విషయం కాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలన్నీ నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించినప్పుడు చదువుల లోకం ఆశ్చర్యపోయింది. మన ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి. 2017లో స్వయం, దీక్ష వచ్చాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఎవరైనా దించుకోవచ్చు. డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదువుకునే మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ విశాఖ, హైదరాబాదు కోచింగ్ సెంటర్ల ఫీజులు కట్టలేక ఇంటి దగ్గరే కూర్చుని టీ-శాట్ నిపుణ చూసి చదువుకుంటున్నారు. అలాంటి వాళ్ళ ముందు నిలబడి 'ఇదంతా మోసం' అంటే వాళ్ళు నవ్వుతారు, నవ్వాలి కూడా. పదో తరగతి దాటి, తెలుగు బాగా వచ్చి, ఏం కావాలో తెలిసినవాడికి ఆ పాఠాలు నిజంగానే పెద్ద సాయం.

నా ప్రశ్న ఒకటో తరగతి పిల్ల గురించి, మూడో తరగతి పిల్లవాడి గురించి.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లలు పెట్టెలు నెత్తిన పెట్టుకుని కొండెక్కారు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యావారధి' పాఠాలు వచ్చాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి చానల్లో, టీ-శాట్‌లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. కేంద్రం పీఎం ఈ-విద్య కింద తరగతికో చానల్ చొప్పున 12 చానళ్ళు పెట్టింది. వాటిని 200కి పెంచుతామని 2022 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ కష్టకాలంలో ఏదో ఒకటి చెయ్యాలని చేసిన పనులు ఇవి. చేసినవాళ్ళని తప్పుపట్టను. ఎందరో మాస్టర్లు కెమెరా ముందు నిలబడటం అలవాటు లేకపోయినా నిలబడ్డారు.

కానీ ఆ పాఠాలతో పాటు ఒక వాక్యం కూడా పుట్టింది. 'మేము పెట్టాం కదా, మీరు చూడలేదు.' అది ఇప్పటికీ మన మధ్య తిరుగుతోంది. బడిలో మాస్టారి పోస్టు ఖాళీగా ఉందంటే, ఫోన్లో పాఠం ఉంది కదా అంటారు. పిల్లవాడు వెనకబడ్డాడంటే, ఇంట్లో చూపించలేదా అని తల్లిని అడుగుతారు. ఆ తల్లి చీపుర్లు కట్టి, చింతపండు అమ్మి, ఆ డబ్బుతో ఫోను కొన్న మనిషి. నెల తిరిగేసరికి రీఛార్జి చెయ్యాలి. సిగ్నలు ఊళ్ళో ఉండదు, గట్టు మీద ఉంటుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఫోను ఒకటే ఉంటుంది. ఆ ఒక్కటీ ఎవరి చేతికి వెళుతుంది? చాలా ఇళ్ళలో మగపిల్లవాడి చేతికి. ఆడపిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని పక్కన నిలబడుతుంది. పాఠానికి ధర లేదు. పాఠం దాకా వెళ్ళే దారికి ధర ఉంది. ఆ ధర ఎవరు ఎక్కువ కట్టారో చూస్తే, ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్ళే.

సంతలో ఎండుచేపలు కొంటే తూకం అయ్యాక పైన మరో నాలుగు చేపలు వేస్తారు. దాన్ని కొసరు అంటాం. కొసరు మంచిదే, ఎవరూ వద్దనరు. కానీ తూకం వెయ్యకుండా ఆ నాలుగు చేపలే చేతిలో పెట్టి 'ఇచ్చేశాను, ఇంక వెళ్ళు' అంటే ఊరుకుంటామా? ఉచిత పాఠం కొసరు. బడి, మాస్టారు, పుస్తకం, తనకి తెలిసిన మాటల్లో చెప్పే మనిషి, ఇవి అసలు. అసలు అందుతున్న ఇంట్లో కొసరు పిల్లవాణ్ణి ఇంకా పైకి తీసుకుపోతుంది. అసలు లేని ఇంట్లో అసలు లేదన్న సంగతిని దాచిపెడుతుంది.

ఇక్కడ ఇంకొంచెం లోతుకి వెళ్ళాలి. దానం వేరు, బాకీ వేరు. దానం ఇచ్చేవాడి ఇష్టం. తీసుకోకపోతే తప్పు లేదు, చాలలేదని అడగడానికి హక్కూ లేదు. బాకీ అలా కాదు. బాకీ ఉన్నవాడు 'నా గుమ్మంలో పెట్టాను, వచ్చి తీసుకో' అనలేడు. అవతలివాడి చేతికి చేరేదాకా అది తీరినట్టు కాదు. మరి పిల్లల చదువు ఈ రెంటిలో ఏది? 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరి చదువు హక్కు అంది. హక్కు అంటే ఎదుటి పక్కన ఎవరో బాకీ ఉన్నట్టే. అదే చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు పిల్లవాడి మాతృభాషలోనే చెప్పాలంది. రాజ్యాంగంలో 1956లో చేరిన 350ఏ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించమని రాష్ట్రాలకి చెప్పింది. ఇంత స్పష్టంగా రాసి ఉన్న బాకీని ఉచితం అనే మాట మెల్లగా దానంగా మార్చేస్తుంది. ఈ పాఠాల్లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. సిగ్నలు సమస్య రేపు తీరవచ్చు, టవర్లు వస్తాయి. బాకీ దానమైపోతే మాత్రం మళ్ళీ దాన్ని బాకీ అనిపించడం చాలా కష్టం.

ఇక భాష సంగతి. మాతృభాష అనగానే కథలు, పాటలు గుర్తొస్తాయి. లెక్కలకి భాషేమిటి, అంకెలు అందరికీ ఒకటే కదా అంటారు. సీతంపేట, భామిని కొండల మీది సవర ఇళ్ళకి వెళ్ళి చూడండి. సవర భాషలో లెక్క పన్నెండు దాకా విడివిడి పేర్లతో నడుస్తుంది. పదమూడు అనాలంటే 'పన్నెండు ఒకటి' అంటారు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. ముప్పై రెండు అంటే 'ఇరవై పన్నెండు'. తొంభై మూడు అంటే 'నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి'. ఇది తప్పు లెక్క కాదు. ఫ్రెంచివాళ్ళు ఎనభైని ఈనాటికీ నాలుగు ఇరవైలు అనే అంటారు, వాళ్ళని వెనకబడినవాళ్ళని ఎవరూ అనలేదు.

ఈ లెక్కతో పెరిగిన పిల్ల ముందు ఒక వీడియో పాఠం పెట్టండి. 'పదమూడు అంటే ఒక పది, మూడు ఒకట్లు' అంటుంది అందులోని అమ్మాయి, చక్కని గొంతుతో, రంగురంగుల పుల్లల కట్టలు చూపిస్తూ. పాఠంలో లోపం లేదు. కానీ ఆ పిల్ల మనసులో పదమూడు అంటే పన్నెండు తర్వాత మొదలయ్యే కొత్త మెట్టు. పది దగ్గర ఎందుకు ఆగాలో ఆమెకి తెలియదు. ఆమెకి తెలియలేదని వీడియోకీ తెలియదు. నవ్వుతూ పద్నాలుగుకి వెళ్ళిపోతుంది. సవర తెలిసిన మాస్టారు అక్కడ ఉంటే ఏం చేస్తారు? రెండు లెక్కలూ పక్కపక్కన పెడతారు. 'మనింట్లో పన్నెండు దగ్గర కట్ట కడతాం, బడిలో పది దగ్గర కడతారు. చింతగింజలు తీసుకురా, రెండు రకాలుగానూ కట్టి చూద్దాం' అంటారు. అరగంట పని. ఆ అరగంట తర్వాత ఆ పిల్లకి స్థానవిలువ మిగతా పిల్లలకన్నా బాగా అర్థమవుతుందని నేను అనుకుంటాను. ఎందుకంటే కట్ట ఎక్కడ కట్టాలన్నది మనుషులు చేసుకున్న ఏర్పాటని ఆమె కళ్ళారా చూసింది. ఆ మాస్టారు లేనిచోట అదే పిల్లకి 'లెక్కలు రావు' అనే పేరు పడుతుంది. ఆ పేరు ఎంతకాలం వెంట వస్తుందో మన మాస్టర్లకి నేను చెప్పక్కర్లేదు.

గోండి, కోయ పిల్లలకి ఇంకో రకం తిప్పలు. వాళ్ళ ఇంట్లో 'ఏర్' అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. మాట పోలినట్టే ఉంటుంది, అందుకే తేడా పట్టుకోవడం ఇంకా కష్టం. పూర్తిగా తెలియని మాట దగ్గర పిల్లవాడు ఆగి అడుగుతాడు. తెలిసినట్టనిపించే మాట దగ్గర ఆగడు. ఆగినా, వీడియోని అడగలేడు.

ఈ ఉచిత పాఠాల్లో ప్రపంచమంతా తెలిసిన ఖాన్ అకాడమీ ఎలా మొదలైందో మన మాస్టర్లు గుర్తుపెట్టుకోవాలి. 2004లో సల్మాన్ ఖాన్ అనే యువకుడు దూరాన ఉన్న తన బంధువుల పిల్లకి లెక్కలు రావడం లేదంటే ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పిల్ల, ఆ పిల్ల ఎక్కడ తడబడుతోందో వినే ఒక మనిషి. వీడియోలు, సంస్థ, పేరు అన్నీ ఆ తర్వాత వచ్చాయి. కోట్లమంది చూసిన ఆ పాఠాల వెనక వినడం ఉంది. మన దాకా వచ్చేసరికి ఆ వినడం ఒక్కటీ జారిపోయింది.

ఆ వినే పని మన కొండల్లో వందేళ్ళ కిందటే ఒకాయన చేశారు. గిడుగు రామమూర్తి గారిని వ్యావహారిక భాషా ఉద్యమం కోసం అందరూ తలుచుకుంటారు. ఆగస్టు 29న దండలు వేస్తారు. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారని, సవరలో వాచకాలు రాశారని, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడులు పెట్టారని ఆ సభల్లో ఎంతమంది చెబుతారో నాకు అనుమానమే. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ బడులూ ఉచితమే. తేడా ఏమిటంటే, ఆయన ఇచ్చే ముందు నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనే, 1936లో, మంగేయి గొమాంగో సవర భాషకి సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఈనాడు ఫోన్లో ఆ అక్షరాలకి చోటుంది. మనలో ఎంతమంది ఫోన్లలో ఉన్నాయో చూసుకోండి.

ఆదిలాబాద్‌లో 1940లో కొమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం మేలుకుని హైమెండార్ఫ్‌ని పిలిపించింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే మాస్టర్లుగా తయారుచేసే కేంద్రం తెరిచారు. గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాత తొలి ఏళ్ళలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషల్లో తెలుగు లిపితో పుస్తకాలు వేసి, ముందు ఇంటి భాషలో చెప్పి తర్వాత తెలుగులోకి నడిపించే పద్ధతి తెచ్చారు. అంటే దారి తెలియక కాదు. తెలిసిన దారిని మధ్యలో వదిలేయడం మనకి అలవాటు చేశారు.

ఇంకో తేదీ చెప్పాలి. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో మాస్టర్ల పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అంది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని కదపలేదు, ఇకముందు మాత్రం చెల్లదంది. నెలలు చూడండి. మార్చిలో బడులు మూశారు. ఏప్రిల్‌లో ఆ జీవో పోయింది. ఆ తర్వాత తెర మీద పాఠాలు మొదలయ్యాయి. వీటిని ఎవరో కలిపి పన్నారని నేను అనడం లేదు. కానీ ఒక గూడెంలో ఉన్న పిల్ల వైపు నుంచి చూస్తే, తన మాట తెలిసిన మాస్టారు రేపు వస్తారన్న భరోసా తగ్గిన ఏడాదే తన మాట తెలియని తెర ఇంట్లోకి వచ్చింది. తీర్పులో చట్టం మీద ఎంతో చర్చ ఉంది, అది న్యాయవాదులు చూసుకుంటారు. మనం అడగాల్సింది, ఆ పన్నెండు కట్ట, పది కట్ట పక్కపక్కన పెట్టే మనిషి ఎక్కడి నుంచి వస్తారన్నది. అది ఉద్యోగాల తగవు మాత్రమే కాదు.

ఇక్కడ కొందరు అడ్డం వస్తారు. 'తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారు, మీరు సవర, కోయ అంటారేమిటి?' అని. తల్లిదండ్రులు అడిగేది సరైనదే. సంతలో, ఆఫీసులో, ఆస్పత్రిలో తమ భాష చెల్లకపోవడం వల్ల పడిన అవమానం వాళ్ళ చేత అలా అనిపిస్తోంది. వాళ్ళకి నచ్చజెప్పబోయే ముందు ఆ అవమానాన్ని ఒప్పుకోవాలి. ఇంటి భాషలో మొదలుపెట్టడం ఇంగ్లీషు వద్దనడం కాదు. ఇంగ్లీషు దాకా వెళ్ళడానికి మొదటి అడుగు ఎక్కడ వెయ్యాలన్నది మాత్రమే. నేల మీద వెయ్యాలి, నేల లేనిచోట వెయ్యలేరు.

ఇంకొందరు మరో మాట అంటారు. 'పట్టుదల ఉన్నవాళ్ళు ఎలాగైనా చదువుతారు. ఫలానా ఊళ్ళో పిల్లవాడు సిగ్నలు కోసం చెట్టెక్కి చదివాడు' అని ఫోటో చూపిస్తారు. ఆ ఫోటోలు చూసి మెచ్చుకునేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది. ఆ పిల్లవాడి మీద కాదు, వాడు గట్టివాడే. పట్నంలో పిల్లలకి చదువుకోవడానికి పట్టుదల సరిపోతే, మన పిల్లలకి చెట్టెక్కడం కూడా రావాలా? ఒకడు ఎక్కాడని మిగతా ముప్పైమందిది బద్ధకం అయిపోతుందా?

సరే, చేతిలో ఉన్నదాన్ని ఏం చేసుకోవాలి? నిజంగా ఉపయోగపడే ఒక సంగతి ఉంది, అది ధర గురించి కాదు, అనుమతి గురించి. నెట్‌లో డబ్బు లేకుండా దొరికేదంతా ఒకటి కాదు. కొన్నింటిని చూడనిస్తారు, ముట్టుకోనివ్వరు. కొన్నింటిని క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు కింద పెడతారు. పేరు చెప్పి వాడుకోవచ్చు, లైసెన్సు రకాన్ని బట్టి మార్చుకోవచ్చు, మన భాషలోకి తిప్పుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల బొమ్మల కథలు ఇలాగే ఉన్నాయి. గోండి మాట్లాడే యువకులు వాటిలో వందలాది కథల్ని గోండిలోకి తెచ్చారు. ఒడిశాలో కుయి, సవర వంటి భాషల్లో అక్కడివాళ్ళే కొత్త కథలు రాశారు. ఇలాంటివి నాకు రెండో అర్థంలో కూడా ఉచితంగా కనిపిస్తాయి, ఎందుకంటే మనకి తగినట్టు చేసుకునే వీలు వాటిలో ఉంది. డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న చెల్లెలు ఒకరు సాయంత్రం అరగంట కూర్చుంటే వారానికో కథ తేగలదు. సిగ్నలు లేని ఊరికి మెమరీ కార్డులో వేసి తీసుకెళ్ళవచ్చు. నెట్ లేకుండా పాఠాలు నడిపే కొలిబ్రి వంటి సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితంగానే ఉన్నాయి. పిల్లవాడి చేతిలో ఫోను పెట్టి వదిలేయకుండా పది మందిని కూర్చోబెట్టి, మధ్యమధ్యలో ఆపి ఇంటి మాటల్లో మాట్లాడితే ఆ వీడియోనే వేరేగా పనిచేస్తుంది. అయితే ఆ చెల్లెలి అరగంట కూడా ఉచితమేనని ఐటీడీఏ అనుకోకూడదు. ఆ పనికి కూలి కట్టాలి. మన చదువుకున్న పిల్లల సేవాభావం మీద ప్రభుత్వం బాకీ తీర్చుకోవడం మరో రకం కొసరు వ్యాపారం.

చివరిగా, మనం ఇచ్చే వైపు కూడా ఆలోచించాలి. మన కథలు, పాటలు, వైద్యం వీడియో తీసి నెట్‌లో పెట్టే తమ్ముళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, మంచి పని. కానీ ఉచితం అన్న మాట ఇక్కడ కూడా రెండు అర్థాలతోనే నిలబడి ఉంది. సవర ఇళ్ళ గోడల మీద పెద్దల కోసం, పూజతో వేసే బొమ్మలు ఈనాడు చీరల మీద, సంచుల మీద వస్తున్నాయి. వేసిన చెయ్యిని ఎవరు అడిగారు? కేరళలో కాణి గిరిజనులు 1987లో శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ అనే మొక్క చూపించారు. దాని నుంచి మందు తయారయ్యాక వచ్చిన డబ్బులో వాళ్ళకి వాటా ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఆ వాటా పంపకం మీద కూడా తర్వాత చాలా వాదనలు నడిచాయి. అడిగి ఏర్పాటు చేసినచోటే ఇంత ఉంటే, అడగనిచోట సంగతి ఊహించుకోండి.

కాబట్టి అప్‌లోడ్ చేసే ముందు రెండు పనులు చెయ్యండి. మొదటిది, లైసెన్సు చదవండి. ఒక రకంలో ఎవరైనా దాంతో వ్యాపారం చేసుకోవచ్చు, మరో రకంలో వ్యాపారానికి వీల్లేదు. ఆ తేడా ఒక్క గుర్తులో ఉంటుంది. రెండోది, ఊళ్ళో పెద్దల్ని కూర్చోబెట్టి అడగండి. లెక్కల పాఠం, పొడుపు కథ, పనిపాట అందరితో పంచుకోవచ్చు అనవచ్చు. చనిపోయినవాళ్ళతో మాట్లాడే పాటలు వద్దనవచ్చు. వద్దంటే ఫోను జేబులో పెట్టుకుని, ఆ పాట అయిపోయేదాకా కూర్చుని వినండి.